చెంచాడు మందు వెనుక ఉన్న చదువు

మన సంఘ సభ్యుల ఇళ్ళలో ఫార్మసీ చదివే మనవడో మనవరాలో లేని ఇల్లు ఇప్పుడు అరుదు. బి.ఫార్మసీ అంటారు, ఎం.ఫార్మసీ అంటారు, ఫార్మ్.డి. అని ఆరేళ్ళ కోర్సు కూడా వచ్చింది. నెలవారీ సమావేశంలో టీ తాగుతూ "మా వాడు చివరికి డాక్టరవుతాడా, మందుల షాపు పెడతాడా?" అని అడిగిన పెద్దలు ఒకరిద్దరు కాదు. ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాసిమ్మని కార్యదర్శిగారు అడగగానే ఈ ప్రశ్నే గుర్తుకు వచ్చింది. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టును అసలే కాను. వైద్య ఆరోగ్య శాఖలో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి, అందులో సగం కాలం స్టోర్సు సెక్షనులో ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు రాసినవాణ్ణి. మందుల పేర్లూ వాటి వెనుక నడిచిన ఉత్తర్వులూ కొంత అక్కడ తెలిశాయి. మిగతాది పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకున్నది.

ఫార్మసీ చరిత్ర మొత్తం చెప్పాలంటే ఈ సంచిక చాలదు. అందులో ఒక్క పాయనే తీసుకుంటాను. పిల్లలకు మందు ఎంత ఇవ్వాలి, దేనిలో కలిపి ఇవ్వాలి, అది ఎవరు తేల్చాలి అన్నది. ఈ చిన్న ప్రశ్న చాలా కాలం ఏ విశ్వవిద్యాలయంలోనూ ఎవరి సబ్జెక్టూ కాలేదు. మందు సంగతి ఫార్మసీ వారిది, బిడ్డ సంగతి డాక్టరుగారిది. రెంటికీ నడుమ ఉన్న చెంచా మాత్రం తల్లి చేతిలో ఉండిపోయింది. ఆ చెంచాలో మందు సరిగా లేక పోయిన ప్రాణాలు ఎన్నో ఉన్నాయి.

మన తరం వారికి కాంపౌండరుగారు బాగా గుర్తుంటారు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఖాళీ సీసా కడిగి వెంట తీసుకుపోవాలి. కిటికీలోంచి చీటీ, సీసా లోపలికి ఇస్తే ఎర్ర మందో తెల్ల మందో పోసి, కాగితాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి జిగురుతో సీసాకు అంటించేవారు. ఒక మెట్టు ఒక మోతాదు. పిల్లవాడికైతే "అర మెట్టు తాగించమ్మా" అనేవారు. ఆ అర మెట్టుకు కూడా ఒక లెక్క ఉండేది.

యంగ్ సూత్రం అని ఒకటి. పిల్లవాడి వయసును, ఆ వయసుకు 12 కలపగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే, పెద్దవారి మోతాదులో ఎన్నో వంతు ఇవ్వాలో వస్తుంది. ఆరేళ్ళవాడికి 6ను 18తో భాగిస్తే మూడో వంతు. నాలుగేళ్ళవాడికి 4ను 16తో భాగిస్తే నాలుగో వంతు. క్లార్క్ సూత్రం అని ఇంకొకటి. పిల్లవాడి బరువును పౌండ్లలో తీసుకుని 150తో భాగించాలి. పైన చెప్పిన నాలుగేళ్ళవాడే మన పల్లెటూళ్ళో పుట్టి పన్నెండు కిలోలే తూగాడనుకోండి. అంటే సుమారు 26 పౌండ్లు. ఈ లెక్కన వాడికి వచ్చేది దాదాపు ఆరో వంతు. పిల్లవాడు ఒక్కడే, మందు ఒక్కటే, మోతాదులు మాత్రం రెండు. ఇంతకూ రెండు సూత్రాలూ పిల్లవాణ్ణి పెద్దమనిషిని కుదించిన బొమ్మగానే చూశాయి. పిల్లల శరీరం అలాంటిది కాదని తేలడానికి చాలా కాలం పట్టింది.

కాంపౌండరు చదువు మన దేశంలో పాతదే. బెంగాలులో 1881లో కాంపౌండర్లకు శిక్షణ మొదలైంది. కాని మందు అమ్మాలంటే చదువు ఉండి తీరాలనే చట్టం లేదు. పోస్టాఫీసుల్లో క్వినైను పొట్లాలు అమ్మిన రోజులవి. కల్తీ మందులు పెరిగిపోయిన మీదట 1930లో బ్రిటిషు ప్రభుత్వం కర్నల్ ఆర్.ఎన్. చోప్రాగారి అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. మందుల నాణ్యతకు చట్టం కావాలనీ, ఫార్మసీ వృత్తికి చదువూ రిజిస్ట్రేషనూ ఉండాలనీ 1931లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. నివేదికలు బీరువాల్లో నిద్రపోవడం మనకు కొత్త కాదు. ఇది మాత్రం ఆలస్యంగానైనా మేలుకొంది. 1940లో ఔషధ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం, ఆ మరుసటి ఏడు ఫార్మసీ కౌన్సిల్, 1953లో మొదటి విద్యా నిబంధనలు వచ్చాయి.

చట్టం కంటే చదువే ముందు వచ్చింది. అమెరికాలో చదివి వచ్చిన మహదేవలాల్ ష్రాఫ్‌గారు పండిత మదనమోహన మాలవీయగారి ప్రోత్సాహంతో 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ బోధన ప్రారంభించారు. 1937 నాటికి అది మూడేళ్ళ బి.ఫార్మ్ డిగ్రీగా స్థిరపడింది. ఆయన పుట్టినరోజైన మార్చి 6ను ఇప్పుడు జాతీయ ఫార్మసీ విద్యా దినంగా జరుపుతున్నారు. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1951లో వాల్తేరులో ఫార్మసీ శాఖను తెరిచింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి కావలసింది మందులు తయారుచేసే చేతులు. అందుచేత ఆ చదువు మొదటినుంచీ రసాయన శాస్త్రం వైపు మొగ్గింది. హైదరాబాదు బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. వచ్చాక, దాని చుట్టూ చిన్నా పెద్దా కంపెనీలు మొలిచాక, మన పట్టభద్రులకు ఫ్యాక్టరీ గేటు కనిపించిందే గాని ఆసుపత్రి వార్డు కనిపించలేదు.

అలా మొగ్గడం తప్పని నేను అనను. పిల్లల మందు విషమయ్యేది చాలాసార్లు ఫ్యాక్టరీలోనే. 1937లో అమెరికాలో జరిగిన సంగతి ఫార్మసీ విద్యార్థులు పాఠంగా చదువుకుంటారు. సల్ఫనిలమైడు అనే మందు అప్పుడు కొత్త. గొంతు నొప్పులకు, చీము పట్టే జబ్బులకు బాగా పనిచేసేది. బిళ్ళ మింగలేని పిల్లల కోసం పాకం రూపంలో కావాలని గిరాకీ వచ్చింది. ఒక కంపెనీ రసాయనికుడు ఆ మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, రాస్ప్‌బెర్రీ పండు రుచి కలిపాడు. రంగు, రుచి, వాసన చూశారు. మనిషి ఒంట్లో ఏమవుతుందో మాత్రం చూడలేదు. ఆ ద్రవం మూత్రపిండాలను దెబ్బతీసే విషం. వంద మందికి పైగా చనిపోయారు, వారిలో 34 మంది పిల్లలు. ఇంత జరిగినా ఆ కంపెనీ మీద మోపగలిగిన నేరం పేరు తప్పుగా పెట్టడం ఒక్కటే. ఆల్కహాలు లేని మందును 'ఎలిక్సిర్' అనడం చట్టవిరుద్ధం. అందులో విషం కలపడాన్ని గురించి అప్పటి చట్టంలో మాట లేదు. మందు అమ్మేముందు అది ప్రమాదకరం కాదని చూపించాలన్న చట్టం మరుసటి ఏడు, 1938లో వచ్చింది.

ఆ ద్రవం కథ అంతటితో ముగిస్తే బాగుండేది. 1970ల మొదట్లో మద్రాసులో పిల్లలు, 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో రోగులు, 1998లో ఢిల్లీ సమీపాన గుర్‌గావ్ ప్రాంతంలో ముప్పై మందికి పైగా పిల్లలు, 2020 ప్రాంతంలో జమ్మూ వైపు రామ్‌నగర్‌లో పిల్లలు, అందరూ ఇదే ద్రవం వల్ల పోయారు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో సుమారు డెబ్బై మంది పిల్లలు చనిపోతే, వారు తాగిన దగ్గు మందు మన దేశం నుంచి వెళ్ళినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ సీసాల్లో ఉండదగిన హద్దు వందకు 0.1 పాలు. పరీక్షలో తేలింది వందకు 48.6 పాలు. అంటే సీసాలో దాదాపు సగం విషమే. సిరపు చిక్కదనానికి వాడే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి వాటిలో పరిశ్రమలకు పనికివచ్చే ఈ చవక ద్రవం కలిసిపోవడం వల్ల ఇది జరుగుతుంది. కనిపెట్టే పరీక్ష పుస్తకాల్లో ఉంది. చదివినవారు ఉన్నారు. ముడి సరుకు పీపా వచ్చిన రోజున ఆ పరీక్ష చేసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టవలసినవాడు పెట్టకపోవడమే ఇక్కడ సమస్య. స్టాకు రిజిస్టరు రాసినవాడిగా నాకు అది ఒక వరుస ఖాళీగా ఉన్న పేజీలాగా కనిపిస్తుంది.

మందు మంచిదే అయినా పిల్లలకు పడకపోవచ్చునని తెలిసింది 1959లో. క్లోరాంఫెనికాల్ మన ఇళ్ళలో టైఫాయిడుకు వాడిన మందే. అమెరికా ఆసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు అంటువ్యాధులు రాకుండా ముందుజాగ్రత్తగా ఆ మందు ఇస్తే, కొందరు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. అంత పసిబిడ్డల కాలేయానికి ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి ఇంకా రాదు. మందు ఒంట్లో పేరుకుపోతుంది. దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. కొన్ని మందులను రెండు మూడేళ్ళ పిల్లలు పెద్దవారి కంటే త్వరగా వదిలించుకుంటారు, బరువును బట్టి చూస్తే వారికి ఎక్కువే కావాలి. యంగ్‌గారి భాగాహారం ఇక్కడ దేనికీ పనికిరాదు. అయినా కొత్త మందులను పెద్దవారి మీదే పరీక్షించి పిల్లలకు అంచనాగా ఇవ్వడం సాగుతూ వచ్చింది. అమెరికా పిల్లల వైద్యుడు హ్యారీ షర్కీ 1960లలో ఈ పిల్లలను వైద్యంలో అనాథలు అన్నారు.

ఇదే కాలంలో మన దగ్గర పిల్లల వైద్యం విడి శాస్త్రంగా నిలబడుతోంది. చాలా కాలం అది పెద్దల వైద్యంలో ఒక మూల బోధించే పాఠం. హైదరాబాదులో స్త్రీలకు, పిల్లలకు నీలోఫర్ ఆసుపత్రి 1953లో వచ్చింది. ప్రసవ సమయంలో తన పరిచారిక మరణించడం చూసి నీలోఫర్ బేగం పట్టుబట్టి దాన్ని కట్టించారని చెబుతారు. దేశంలోని పిల్లల వైద్యులంతా కలిసి 1963లో సొంత సంస్థ పెట్టుకున్నారు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదు తార్నాకకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో విటమిన్ 'ఎ' ఇస్తే పిల్లల్లో అంధత్వాన్ని ఆపవచ్చునని చూపింది. 1970లో దేశమంతటా అది పథకమైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తరువాత రెండేసి లక్షలు. ఈ లెక్క మా ఇండెంట్లలో ఏళ్ళ తరబడి రాశాను.

మందు చదువూ పిల్లల చదువూ చేయి కలిపితే ఏమవుతుందో చూపిన పేరు మన భీమవరానిదే. యల్లాప్రగడ సుబ్బారావుగారు అక్కడ 1895లో పుట్టారు. స్ప్రూ అనే పేగు వ్యాధితో ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చి, మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో పదిహేనేళ్ళకు పైగా పనిచేసి 1940లో లెడర్లీ కంపెనీలో పరిశోధనకు కుదిరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందు. సోదరులకు అందనిది లోకానికి అందింది.

ఇక్కడినుంచే కథ పిల్లల వార్డులోకి వెళుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్లం తరహా పదార్థాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు గమనించాడు. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే? సుబ్బారావుగారి బృందం అలాంటివి తయారుచేసి పంపింది. అమినోప్టెరిన్ వాటిలో ఒకటి. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే. కాని అంతకుముందు ఆ జబ్బుకు తాత్కాలికం కూడా లేదు. రెండు నెలలు తిరగగానే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53వ ఏట నిద్రలో కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను పిల్లల రక్త క్యాన్సరుకు నేటికీ వాడుతున్నారు. భీమవరం వెళ్ళే మన సభ్యులు పిల్లలకు మావుళ్ళమ్మవారి గుడితో పాటు ఈ కథ కూడా చెప్పవచ్చు.

ఇక మా ఇంటి మాట ఒకటి. 1957లో నాకు ఎనిమిదేళ్ళు. ఏడాదిన్నర వయసు చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు పోస్తే విరేచనం ఇంకా పెరుగుతుందని ఆ రోజుల్లో అందరిదీ ఒకటే నమ్మకం. పాలూ నీళ్ళూ మానిపించారు. పెదవులు తడిపారంతే. మూడో రోజు తెల్లవారుజామున పోయింది. అప్పటి తెలివి అంతే, ఎవరినీ అనడానికి లేదు. మా అమ్మ మాత్రం ఆ తరువాత ఎన్నడూ పసిపిల్ల దాహంతో ఏడిస్తే ఓర్చుకోలేకపోయేది.

ఆ నమ్మకాన్ని తలకిందులు చేసినది ఒక చిటికెడు శాస్త్రం. పేగు ఉప్పును లోపలికి తీసుకోవాలంటే గ్లూకోజు తోడు కావాలి. ఆ రెండూ వెళితే నీరు వాటి వెంట వెళుతుంది. 1968లో ఢాకాలో కలరా రోగుల మీద ఇది రుజువైంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల శరణార్థులు లక్షలుగా తరలివచ్చినప్పుడు బెంగాలులోని బన్‌గావ్ శిబిరంలో సెలైను సీసాలు అయిపోయాయి. పిల్లల వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు దిలీప్ మహలనబీస్‌గారు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, పీపాల్లో కలిపించి, తల్లుల చేతనే తాగించారు. వందకు ముప్పై దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో నాలుగు లోపుకు దిగాయి. ఆయన 2022లో చనిపోయాక మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ పొట్లంలోనూ కొలతే ప్రాణం. లీటరు పొట్లాన్ని గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. పంచదార పానీయాల డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అని అచ్చువేసి అమ్ముతుంటే హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది.

పిల్లలు సరే, వయసుకొస్తున్నవారి సంగతి మరీ అన్యాయం. పది దాటితే పిల్లల డాక్టరుకు పెద్దవాళ్ళు, ఇరవై లోపైతే పెద్దల డాక్టరుకు పిల్లలు. పది నుంచి పందొమ్మిదేళ్ళ వారికోసం విడిగా జాతీయ కార్యక్రమం వచ్చింది 2014లోనే. మనవరాలు బడినుంచి తెచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ళను చూసే ఉంటారు. చిన్న తరగతుల వారికి గులాబీ రంగు, అంతకంటే పసివారికి సిరపు. ఆ నీలం బిళ్ళలో ఇనుముతో పాటు ఉండేది మన సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమే. నులిపురుగుల నివారణ దినాన ఇచ్చే ఆల్బెండజోల్ సంగతి ఇంకా తమాషా. ఏడాది నుంచి రెండేళ్ళ వారికి అర బిళ్ళ. రెండు దాటిన పసివాడికీ, పందొమ్మిదేళ్ళ కాలేజీ కుర్రాడికీ ఒకటే బిళ్ళ. ఆ మందు పని పేగులోనే, రక్తంలోకి చేరేది తక్కువ కాబట్టి. ఏ మందుకు బరువు చూడాలి, దేనికి వయసు చూడాలి, దేనికి రెండూ అక్కరలేదు అన్నది తెలుసుకోవడానికే ఈ చదువు.

ఆ చదువు మన విశ్వవిద్యాలయాల్లో రెండు ముక్కలుగా చాలా కాలం నడిచింది. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు వైద్య, దంత, నర్సింగు కళాశాలలు దాని కిందికి వెళ్ళాయి. ఫార్మసీ కళాశాలలు ఎక్కువగా సాంకేతిక విశ్వవిద్యాలయం కిందా, ప్రాంతీయ విశ్వవిద్యాలయాల కిందా ఉండిపోయాయి. మందు చదివేవాడూ రోగిని చదివేవాడూ ఒకే గదిలో కూర్చునే అవకాశం లేదు. 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఫార్మ్.డి. నిబంధనలు తెచ్చాక కొంత మారింది. అయిదేళ్ళు తరగతి, ఆరో ఏడు పూర్తిగా ఆసుపత్రిలో. ఆరు నెలలు జనరల్ మెడిసిన్ వార్డు, మిగతా ఆరు నెలలు మూడు ప్రత్యేక విభాగాల్లో రెండేసి నెలలు. పిల్లల వార్డు ఎంచుకున్న విద్యార్థి అక్కడ చేసే పని పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కేసు షీటు మీద బిడ్డ బరువు రాసి ఉందా చూడాలి. కిలోకు ఇన్ని మిల్లీగ్రాముల చొప్పున రాసిన మోతాదు సరిపోతుందా లెక్కకట్టాలి. 0.5 అని రాయవలసిన చోట చుక్క జారి 5 అయితే పసిబిడ్డకు పది రెట్ల మందు పడుతుంది. డిశ్చార్జి రోజున తల్లికి వంటింటి చెంచా కాదు, సీసా మూతతో వచ్చిన కొలత గిన్నెతోనే పోయాలని చూపించాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు దగ్గు మందులు సాధారణంగా అక్కరలేదని, రెండేళ్ళలోపు అసలే వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025లో చెప్పిన సంగతి కూడా ఆమెకు తెలియాలి.

కాబట్టి టీ సమావేశంలో అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఫార్మ్.డి. చదివిన మీ మనవడు మందు చీటీ రాసే డాక్టరు కాడు, షాపు పెట్టుకోవడానికే అన్నేళ్ళు చదవక్కరలేదు. డాక్టరు రాసిన చీటీకీ తల్లి పట్టుకున్న చెంచాకూ మధ్య నిలబడవలసిన మనిషి. 2021లో నిబంధనలను సవరించి క్లినికల్ ఫార్మసిస్టు అనే హోదాను కూడా చేర్చారు. నిబంధనల్లో హోదా చేరడం వేరు, ఆసుపత్రిలో పోస్టు మంజూరై, బడ్జెటు పద్దు తెరుచుకుని, ఆ కుర్చీలో మనిషి కూర్చోవడం వేరు. ఆ ఫైలు ఎన్ని బల్లలు దాటాలో మనకంటే బాగా తెలిసినవారెవరు?